పాస్‌పోర్టు మీద పసుపు

కొత్తపేట బస్టాండుకి ఎదురుగా ఉన్న ఆన్‌లైన్ సేవల దుకాణంలో నేను మూడేళ్ళ నాలుగు నెలలు పనిచేశాను. ఇప్పుడు నా కుర్చీలోకి కొత్తగా ఇద్దరు వచ్చారట. వాళ్ళకి పనికొచ్చే నాలుగు ముక్కలు రాసి పంపమని మా పాత యజమాని ఫోన్ చేశారు. "నీకు జాబితాలంటే ఇష్టం కదా, ఓటి రాసి పడేయ్" అన్నారు.

రాశాను. ఇరవై మూడు అంశాలు వచ్చాయి. మళ్ళీ చదువుకుంటే అందులో ఇరవై రెండు ఎవరైనా చెప్పగలిగినవే. ఇరవై మూడోది మాత్రం నేను చేసిన తప్పులోంచి పుట్టింది. అందుకని తమ్ముళ్ళూ, మిగతా ఇరవై రెండూ గోడ మీద చదువుకోండి. ఇక్కడ ఆ ఒక్కదాని సంగతే చెబుతాను.

అప్పట్లో దుకాణంలో ముగ్గురం ఉండేవాళ్ళం. యజమాని మొదట ఎస్టీడీ బూత్ పెట్టి, తర్వాత జిరాక్సు, ఆ తర్వాత రైలు టిక్కెట్లు, చివరికి పాస్‌పోర్టులూ విమానాల దాకా వచ్చిన మనిషి. ఏ కాలానికి ఏ యంత్రం వస్తే అది కొన్నారు గాని, ఒక్కదాన్నీ నడపడం నేర్చుకోలేదు. ఆయన పని వచ్చినవాళ్ళతో మాట్లాడటం. రెండో మనిషి ఆపరేటరు అక్క. కీబోర్డు చూడదు, తెర చూడదు, కిటికీలోంచి రోడ్డు చూస్తూ టైపు చేస్తుంది. ఏ బస్సు ఎంత ఆలస్యంగా వచ్చిందో కూడా చెబుతుంది. మూడోవాణ్ణి నేను. ఎలక్ట్రానిక్స్‌లో బి.టెక్. చేసి, రెండు ఇంటర్వ్యూలు పోగొట్టుకుని, ఖాళీగా ఉండటం ఎందుకని చేరాను.

చేరిన వారానికే ప్రతి పనికీ ఒక జాబితా రాసి గోడకి అంటించాను. పాన్ కార్డుకి తొమ్మిది అంశాలు, పాస్‌పోర్టుకి పద్నాలుగు, విదేశీ ప్రయాణ అనుమతికి పదిహేడు.

అక్క అవన్నీ చదివి, "తమ్ముడూ, నీ పెళ్ళికి కూడా ఇలాగే అంటిస్తావా?" అంది.

"అంటిస్తానక్కా."

"అందులో పెళ్ళికూతురు ఎన్నో నంబరు?"

యజమాని కల్పించుకుని, "ఆఖర్న ఉంటదిలే, 'ఇతరములు' కింద" అన్నారు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే పదిమంది గుంపు ఒకటి శ్రీలంక ప్రయాణం కట్టింది. తొమ్మిదిమంది కొబ్బరి రైతులు, ఒక ఆడమనిషి. గుంపుకి పెద్ద కపిలేశ్వరపురం నుంచి వచ్చే ఒక రైతు. మేమందరం ఆయన్ని మావయ్యగారు అనేవాళ్ళం. అక్కడి తోటలు చూడటం, తీరం వెంబడి ఊళ్ళలో ఆడవాళ్ళు కొబ్బరి పీచుతో తాళ్ళు ఎలా పేనుతున్నారో చూడటం, గుడికి వెళ్ళడం, ఐదు రోజుల్లో తిరిగి రావడం.

శ్రీలంకకు పాస్‌పోర్టులో వీసా ముద్ర వేయించుకోనక్కర్లేదని మావయ్యగారికి ఎవరో చెప్పారు. "అయితే టిక్కెట్టు కొనుక్కుని ఎక్కేయడమేనా అబ్బాయ్?" అని అడిగారు. ఇలా అడిగేవాళ్ళు మీకూ రోజుకి ఇద్దరు వస్తారు. వాళ్ళకి మా యజమాని చెప్పే జవాబు నాకు బాగా నచ్చేది: "వీసా అక్కర్లేదంటే చెప్పాపెట్టకుండా భోజనానికి వెళ్ళిపోవచ్చని కాదండీ. ముందు రోజే కబురు పెట్టాలి, వాళ్ళు రమ్మనాలి. అప్పుడు ఆకు వేస్తారు." ఆ కబురే ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి. ఆ దేశపు సైటులో పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, ఎప్పుడు వస్తున్నారు, ఎక్కడ దిగుతారు అన్నీ నింపి పంపితే, వాళ్ళు చూసి ఈమెయిల్లో అనుమతి పంపుతారు. అది లేకపోతే విమానం కౌంటరు దగ్గరే ఆపేస్తారు. నేను చెప్పేది అప్పటి పద్ధతి. ఇవి మారుతుంటాయి కాబట్టి ప్రతిసారీ సైటు చూసుకోండి. ఒక్క విషయం మాత్రం మారదు. అనుమతి మనిషికి రాదు, పాస్‌పోర్టు నంబరుకి వస్తుంది. ఒక్క అంకె తేడా వస్తే ఆ అనుమతి ఎవరిదీ కాదు.

గుంపులో ఉన్న ఆ ఒక్క ఆడమనిషి కొత్తపేటకి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో కాలువ గట్టు ఊళ్ళో ఉంటారు. నలభై అయిదేళ్ళ మనిషి. పద్నాలుగు మంది ఆడవాళ్ళు కలిసి నడుపుకునే చిన్న పీచు యూనిట్‌కి పెద్ద. నేను పిన్నిగారు అని పిలిచేవాణ్ణి. మొదటిసారి దుకాణానికి వచ్చినప్పుడే తన ప్రయాణం ఎందుకో చెప్పారు.

"మా పీచు లారీ ఎక్కి పోద్దండీ. ఎక్కడో తాడై మళ్ళీ మా ఊరి కొట్లోకే వస్తది. మా పీచుతో పేనిన తాడు మేమే కొనుక్కుని ఆవుకి కట్టుకుంటన్నాం. అక్కడ ఆడోళ్ళు చక్రం పెట్టుకుని ఇంటి వాకిట్లోనే పేనేత్తారంట. మేం పద్నాలుగు మందీ కూచుని, ఒకళ్ళు వెళ్ళి చూసి రావాలనుకున్నాం. నేను చూసింది చూసినట్టు చెప్తానని నన్ను పంపుతున్నారు. నేను ఊఁ అంటే చక్రాలు పెడతాం, ఊహూఁ అంటే పీచే అమ్ముకుంటాం."

పక్కనే ఉన్న ఆవిడ భర్త, "రావులపాలెం దాకా వెళ్తేనే తలనొప్పంటది, ఇప్పుడు సముద్రం దాటుద్దంటండీ" అన్నాడు.

"మీరు పక్కన కూచుంటే తలనొప్పే మరి. ఈసారి మీరు రావట్లేదుగా" అన్నారావిడ.

పదిమంది పాస్‌పోర్టులూ ఒక బుధవారం నా బల్ల మీదికొచ్చాయి. నా పదిహేడు అంశాల ప్రకారం ఒక్కొక్కటే నింపుతూ వచ్చాను. తొమ్మిదో అంశం, "పాస్‌పోర్టు నంబరు పైకి రెండుసార్లు చదవవలెను." చదివాను. చివరిది పిన్నిగారిది. తెరిచేసరికి ఘుమ్మని పసుపు వాసన వచ్చింది.

కొత్త వస్తువు ఏది ఇంటికొచ్చినా నాలుగు మూలలా పసుపు రాసి బొట్టు పెట్టడం మనకి అలవాటే. మోటారు సైకిలుకి పెడతాం, ఫ్రిజ్‌కి పెడతాం. పిన్నిగారు పాస్‌పోర్టుకి పెట్టారు. అట్ట మీద పెట్టి ఆగలేదు. లోపల ఫొటో ఉన్న పేజీకీ నాలుగు మూలలా పెట్టారు. నంబరు ఆ పేజీలో రెండుచోట్ల ఉంటుంది. పైన కుడి మూలన ఒకసారి, అడుగున యంత్రం చదివే వరసలో ఎడమ మూలన మొదలై ఇంకోసారి. అడుగు వరసలో నంబరు మొదటి సగం పసుపులో మునిగిపోయింది. పైన, సరిగ్గా నంబరు మధ్య అంకె మీద, పసుపు మీద నుంచి జారిన కుంకుమ అంటుకుని ఎండింది.

అక్క తొంగి చూసి, "తడిగుడ్డతో తుడవనా?" అంది. అని తనే వెనక్కి తగ్గింది. "వద్దులే. ముత్తైదువ పెట్టుకున్న పసుపు కుంకుమ. ప్రయాణం ముందు మన చేత్తో తుడవడం బాగోదు."

నేనూ అదే అనుకున్నాను. యూనివర్సిటీలో లాజిక్ సర్క్యూట్లు మంచి మార్కులతో పాసైన నేను, కుంకుమ తుడవడానికి జంకి, వెలుతురుకి పట్టుకుని వంచి చూశాను. ఎనిమిదిలా కనిపించింది. ఎనిమిది అనే పైకి చదివాను. నియమం ప్రకారం రెండోసారీ ఎనిమిది అనే చదివాను. తప్పుని ఎన్నిసార్లు చదివినా అది ఒప్పు కాదని నా జాబితాలో ఎక్కడా లేదు.

మర్నాటికి పదీ అనుమతులూ వచ్చేశాయి. పది ప్రింట్లు తీసి, పది కవర్లలో పెట్టి ఇచ్చాం. మావయ్యగారు పాలకోవా పొట్లం తెచ్చారు. తిన్నాం.

తర్వాత సోమవారం పొద్దున్న దుకాణం ఖాళీగా ఉంది. నేను ఖాళీగా ఉంటే కొత్త జాబితా ఏదో పుడుతుంది. పాస్‌పోర్టు అడుగు వరసలో నంబరు తర్వాత ఒక తనిఖీ అంకె ఉంటుంది. నంబరులోని ఒక్కో అంకెనీ, అక్షరం విలువనీ ఏడు, మూడు, ఒకటి చొప్పున వరసగా గుణించి, అన్నీ కలిపితే వచ్చే మొత్తంలో ఆఖరి అంకె దానితో సరిపోవాలి. కాలేజీలో ఇలాంటివి చదువుకున్నాం. మన దగ్గర వాడి చూద్దామని కంప్యూటర్లో చిన్న సూత్రం రాసి, ఆ పదిమంది నంబర్లనీ నేను తీసి పెట్టుకున్న పాస్‌పోర్టు పేజీల ఫొటోల్లోంచి చూసి వేశాను. మన పని ఎంత కచ్చితమో అక్కకి చూపించాలన్నది అసలు ఉద్దేశం.

తొమ్మిది సరిపోయాయి. పదోది సరిపోలేదు.

సూత్రం తప్పేమోనని మళ్ళీ రాశాను. సరిపోలేదు. కాగితం మీద చేత్తో వేశాను. సరిపోలేదు. ఎనిమిది తీసి మూడు వేశాను. సరిపోయింది. అప్పుడు సమయం పది ఇరవై. వాళ్ళ రైలు మర్నాడు సాయంత్రం రాజమండ్రిలో, విమానం ఎల్లుండి మధ్యాహ్నం చెన్నైలో.

అక్క నా మొహం చూసి టైపు ఆపేసింది. ఆమె టైపు ఆపడం నేను చూడటం అదే మొదలు. యజమానికి చెప్పాను. "ఆవిడకి ఫోన్ చేసి..." అని మొదలుపెట్టాను.

"ఫోన్లో శుభవార్తలు చెప్పు. తప్పు చేసినప్పుడు మనిషి కనపడాలి" అన్నారు. "బండి తీసుకుని వెళ్ళు. ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళు. ముందు నంబరు కళ్ళారా చూసి, అప్పుడు అక్కడే మళ్ళీ దరఖాస్తు పెట్టు. మూడే అని నీ లెక్క చెప్తే సరిపోదు."

కాలువ గట్టు వెంబడి వెళ్తూ మూడు రకాల క్షమాపణలు తయారుచేసుకున్నాను. పిన్నిగారు వాకిట్లో పీచు ఆరబోస్తున్నారు. మూడూ మర్చిపోయి, "పిన్నిగారూ, మీ అనుమతిలో నంబరు తప్పు పడిందండీ. తప్పు నాది. ఆ కాగితంతో విమానం ఎక్కనివ్వరండీ" అన్నాను.

ఆవిడ చేతిలో పీచు అలాగే ఉండిపోయింది. "మిగతా పదమూడు మందికీ చెప్పేసేను బాబూ" అన్నారు మెల్లగా. "ఇంక ఈ ఏడు ఇటు నించి వెళ్ళే గుంపు లేదు."

"ఇంకా టైముందండీ. పాస్‌పోర్టు ఒక్కసారి చూపిస్తే మళ్ళీ పెడతాను."

"అదిక్కడ లేదుగా."

మంగళవారం బయల్దేరడం మన వైపు చాలామందికి ఇష్టం ఉండదు. రైలు మంగళవారమే. ఇలాంటి చిక్కుకి పెద్దవాళ్ళు ప్రస్థానం అనే ఉపాయం కనిపెట్టారు. మంచి గడియలో ప్రయాణపు సంచిని ముందే గడప దాటించి, తెలిసినవాళ్ళ ఇంట్లో పెట్టేస్తారు. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే. వెళ్ళేటప్పుడు సంచిని అక్కడినుంచి తీసుకుంటారు. షరతు ఒక్కటే, బయల్దేరిన సంచి వెనక్కి రాకూడదు. పిన్నిగారి సంచి ఆదివారం పొద్దున్నే బయల్దేరి, నాలుగిళ్ళ అవతల ఒక మామ్మగారి గదిలో కూర్చుంది. పాస్‌పోర్టు అందులో ఉంది.

మామ్మగారికి ఎనభై దగ్గర. గది తలుపుకి అడ్డంగా పీట వేసుకుని కూర్చున్నారు. సంగతంతా విని, "గదిలోకొచ్చి చూసుకోండి. బయటికి మాత్రం తేవద్దు" అన్నారు.

పాస్‌పోర్టు తీశాం. పిన్నిగారు పేజీ చూసి, నాకేసి చూసి, "ఇదా? తుడిచెయ్యకపోయేరా?" అన్నారు.

"ముత్తైదువ పెట్టిన పసుపు కుంకుమ, తుడవకూడదనుకున్నామండీ."

ఆవిడ భర్త పకపకా నవ్వాడు. "బాగుందండీ. ఇది పెట్టడానికి వెనకాళ్ళేదు, మీరు తుడవడానికి ముందుకెళ్ళేరు కాదు."

"నా చేత్తో పెట్టేను, నా చేత్తోనే తీత్తాను" అని పిన్నిగారు దూదికి కొబ్బరి నూనె అద్ది మెల్లగా రాశారు. కుంకుమ కదిలింది. కింద మూడు, గుండ్రంగా, స్పష్టంగా. ఆవిడ వెంటనే దూదికి అంటిన ఆ పసుపునే వేలితో తీసి అట్ట మీద పెట్టారు. "ఇప్పుడు ఎక్కడుండాలో అక్కడుంది."

ల్యాప్‌టాప్ తెరిచాను. ఆ పెంకుటింట్లో సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకుని నింపాలని యజమాని మరీ మరీ చెప్పారు. కాలువ గట్టు మీద సిగ్నల్ బాగుంటుంది. కాని గట్టుకి వెళ్ళే వీధి పిన్నిగారి ఇంటి ముందునుంచే.

"వాళ్ళింటి వైపు నడిచిందంటే వెనక్కి తిరిగినట్టే" అన్నారు మామ్మగారు.

"పాస్‌పోర్టు ఒక్కటే కదండీ, సంచి ఇక్కడే ఉంటుంది" అన్నాను.

"మనిషొక దార్న, సంచొక దార్న పోతే అదేం ప్రయాణం నాయనా? పెరటి దారుంది. తోటలోంచి బోదె దాటితే గట్టే. అటు తూరుపు. ముందుకెళ్ళినట్టే లెక్క. వెళ్తే అన్నీ కలిసి వెళ్ళాలి."

అలా ఊరేగింపు కదిలింది. ముందు మామ్మగారు, చేతికర్రతో. వెనక పిన్నిగారు, పాస్‌పోర్టు రెండు చేతులతో పట్టుకుని. ఆ వెనక ఆవిడ భర్త, ప్రయాణం సంచి నెత్తి మీద. చివర నేను, ల్యాప్‌టాప్ గుండెలకి హత్తుకుని. తోటకి నీళ్ళు పారే ఆ బోదె మీద ఒక కొబ్బరి దుంగే వంతెన. మామ్మగారు కర్ర కూడా ఆనించకుండా దాటేశారు. నేను ఒక్కణ్ణే కూర్చుని జరుగుతూ దాటాను.

గట్టు మీద తూము అరుగెక్కి కూర్చుని దరఖాస్తు నింపాను. ఈసారి నంబరు నలుగురం చదివాం. మామ్మగారికి ఇంగ్లీషు అంకెలు రావనుకుని ఆవిణ్ణి అడగలేదు. ఆవిడే కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి చదివి, "ఆయ్, మూడే" అన్నారు. అడుగున ఒక గడి ఉంది, ఇంతకుముందు అనుమతి తీసుకున్నారా, అయితే మళ్ళీ ఎందుకు అని. అక్కడ 'సాంకేతిక కారణాల వల్ల' అని ఇంగ్లీషులో రాసి, ఫోన్లో అక్కకి చదివి వినిపించాను.

"ఏ సాంకేతిక కారణం తమ్ముడూ? నువ్వేగా?" అంది.

తుడిచేసి, "మొదటిసారి నంబరు నేను తప్పుగా టైపు చేశాను. ఈమె తప్పు ఏమీ లేదు" అని రాశాను.

పంపే బటను దగ్గర పిన్నిగారు ఆపారు. "మామ్మా, ఇప్పుడు వర్జ్యం ఏమన్నా ఉందేమో?"

"తప్పు దిద్దుకోడానికి వర్జ్యం ఏంటే? నొక్కు నాయనా."

నొక్కాను. సంచి వెనక్కి తిరగకుండా ఆ రాత్రికి గట్టు మీదే తెలిసినవాళ్ళ ఇంట్లో ఆగింది. మొన్న పదిమందికీ మర్నాటికే వచ్చిన అనుమతి ఈసారి రాలేదు. 'పరిశీలనలో ఉంది' అని ఊరుకుంది. సోమవారం సాయంత్రానికీ అంతే. మంగళవారం మధ్యాహ్నానికీ అంతే. వాళ్ళ సహాయ కేంద్రానికి మూడుసార్లు ఫోన్ చేశాను. మూడోసారి ఒకావిడ ఎత్తి, మర్యాదగా, రెండు నంబర్లు వచ్చినందున మనిషే చూడాలని, చూస్తారని చెప్పింది. ఎప్పుడని అడిగితే "త్వరలో" అంది. త్వరలో అంటే ఎన్ని గంటలో నా దగ్గర సూత్రం లేదు.

మూడింటికి గుంపుని రాజమండ్రి తీసుకెళ్ళే వ్యాను దుకాణం ముందు ఆగింది. పిన్నిగారు దిగి తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చారు.

"వస్తదా, రాదా? ఉన్నదున్నట్టు చెప్పండి బాబూ."

"వస్తుందని మాటివ్వలేనండీ. రాదనీ చెప్పలేను. వస్తే మాత్రం రేపు పదకొండున్నర లోపు రావాలి. ఆ తర్వాత కౌంటరు మూసేస్తారు."

మావయ్యగారు వెనకనుంచి, "అమ్మా, అంత దూరం వచ్చి ఒక్కదానివీ వెనక్కి రావడం కష్టం. ఆలోచించుకో" అన్నారు. ఆయన ఆవిడ మంచికే అన్నారు. కాని ఆ మాట ఆవిడకన్నా ముందు మా యజమానికి తగిలింది.

"ఒక్కత్తే ఎందుకు వస్తదండీ? మావాడు కూడా ఎక్కుతాడు. అనుమతి వస్తే ఆవిడ అటు, వీడు ఇటు. రాకపోతే ఇద్దరూ ఇటే" అన్నారు. నాకేసి తిరిగి, "చొక్కా ఓటి తెచ్చుకో. జాబితా రాయకు, టైము లేదు" అన్నారు.

పిన్నిగారు సంచి భుజానికెత్తుకున్నారు. "అక్కడ మా పదమూడు మందీ వాకిట్లో కూచుని చూత్తంటారు. నేను ఇక్కణ్ణించి ఇంటికెళ్తే 'కాగితం రాలేదు' అని చెప్పాలి. అక్కణ్ణించి వస్తే 'వెళ్ళేను, ఆపేరు' అని చెప్పొచ్చు. రెండోదే నయం. పదండి" అని వ్యానెక్కేశారు.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి చెన్నై విమానాశ్రయం బయట, సామాన్ల బళ్ళ పక్కన, సిమెంటు దిమ్మ మీద ఆవిడా నేనూ కూర్చున్నాం. ఎనిమిదిమంది లోపలికి వెళ్ళిపోయారు. మావయ్యగారు మాత్రం ద్వారం దగ్గరే నిలబడ్డారు, మనిషిని వదిలేసి వెళ్ళనని. నేను నిమిషానికోసారి ఫోన్లో ఈమెయిలు చూస్తున్నాను.

"పొదుగుతున్న కోణ్ణి మాటిమాటికీ లేపి చూత్తే పిల్లలు తొందరగా వస్తాయా బాబూ?" అన్నారు పిన్నిగారు.

ఫోను జేబులో పెట్టాను. ఆవిడ సంచిలోంచి కాగితంలో చుట్టిన పీచు తీశారు. తమ యూనిట్‌ది. ఆకుపచ్చ కాయ పీచు ఎలా ఉంటుందో, ముదురు కాయది ఎలా ఉంటుందో, ఎన్నాళ్ళు నానేస్తే మెత్తబడుతుందో నా అరచేతిలో పెట్టి చెప్పారు. "అక్కడోళ్ళు నెలల తరబడి నానేత్తారంట. మేం అంతకాలం ఆగలేం. ఆగితే ఏం మారుద్దో చూడాలి. ఆళ్ళ పీచు పక్కన మాది పెట్టి చూద్దామని తెచ్చేను." ఆ పీచు చేతిలో ఉండగానే నాకు తెలిసింది, గోడ మీద నా పదిహేడు అంశాల్లో ఎక్కడా మనిషి ఎందుకు వెళ్తున్నారో అడిగే గడి లేదని. 'ప్రయాణ కారణం' అనే గడిలో నేను 'పర్యటన' అని ఎంచి ముందుకెళ్ళిపోయాను.

పది గంటల యాభై రెండు నిమిషాలకి జేబులో ఫోను మోగింది. ఈమెయిలు కాదు, అక్క. దుకాణం ఈమెయిలు తన ముందే తెరిచి ఉంది.

"తమ్ముడూ, వచ్చేసింది! నంబరు చదువుతాను, విను." చదివింది. మధ్య అంకె దగ్గరికి వచ్చేసరికి "మూ...డు" అని సాగదీసి చెప్పింది. వెనకనుంచి యజమాని అరుపు వినిపిస్తోంది.

నేను లేచి నిలబడ్డాను. పిన్నిగారికేసి తల ఊపాను. ఆవిడకి అర్థమైంది. పీచు చుట్టేసి, సంచి భుజాన వేసుకుని, మావయ్యగారి వైపు దాదాపు పరిగెత్తారు. అనుమతి కాగితాన్ని మావయ్యగారి ఫోనుకి పంపాను. ద్వారం దగ్గర జవాను పాస్‌పోర్టు తెరిచి, వేలికి అంటిన నూనె చూసుకుని ప్యాంటుకి తుడుచుకున్నాడు. లోపలికి అడుగుపెట్టబోతూ ఆవిడ గట్టిగా, "బాబూ, పొద్దుట్నించి ఏం తిన్లేదు. భోంచేసి రైలెక్కండి" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నాకేసి చూశారు. భోంచేశాను.

ఇరవై మూడో అంశం ఇది. పేజీ మీద ఏది అడ్డున్నా, అది పెట్టినవాళ్ళనే పిలిచి, వాళ్ళ చేతే తీయించి, అప్పుడు చదవండి. అడగడానికి మొహమాటపడితే అది భక్తి కాదు, బద్ధకం. అందులోనే ఇంకో వాక్యం కలిపాను, ఎందుకు వెళ్తున్నారో కూడా అడగండి అని. దానివల్ల దరఖాస్తు తొందరగా రాదు. తప్పు జరిగినప్పుడు ఎంత తొందరగా పరిగెత్తాలో తెలుస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నం మావయ్యగారి ఫోను నుంచి దుకాణానికి వీడియో కాల్ వచ్చింది. ముగ్గురం తెర ముందు మూగాం. సముద్రం ఒడ్డున ఏదో ఊరు, పొడుగాటి పాక, పాక చివర ఒక చక్రం. ఒకమ్మాయి చక్రం తిప్పుతోంది. నడుముకి పీచు కట్టుకుని ముగ్గురు ఆడవాళ్ళు నిలబడ్డారు. అందులో మధ్యనున్నది మన పిన్నిగారు.

"మా పీచే పెట్టేనండీ!" అని అరిచారు. "ఇది కూచుని పేనేది కాదు. నడవాలంట!"

చక్రం తిరిగింది. ఆవిడ పీచు వదులుతూ, చక్రానికేసే చూస్తూ, ఒక్కో అడుగూ వెనక్కి వేశారు. చేతుల్లోంచి తాడు పుట్టుకొస్తూ పొడుగవుతోంది. మొదటి పదడుగుల్లో రెండుసార్లు తెగింది. పక్కనున్నావిడ నవ్వి, చెయ్యి పట్టుకుని పురి ఎలా వదలాలో చూపించింది. మూడోసారి తెగలేదు.

"అంత వెనక్కెళ్తన్నారేంటండీ, పడతారు" అని యజమాని తెరకేసి కేకేశారు.

ఆవిడకి వినపడలేదు. మావయ్యగారు ఫోను పట్టుకుని అక్కడే నిలబడ్డారు. పిన్నిగారు వెనక్కి, ఇంకా వెనక్కి నడుస్తూ, తెరలో చిన్నదైపోతూ, పాక అవతలి చివర వెలుతురులోకి వెళ్ళిపోయారు. తాడు మాత్రం చక్రం నుంచి అక్కడిదాకా, ఎక్కడా తెగకుండా, సన్నగా, గోధుమ రంగులో సాగి ఉంది.

అక్క కిటికీ వైపు చూడటం మర్చిపోయింది. బయట రాజోలు బస్సు వచ్చి, వెళ్ళిపోయింది.